ఒక్క మనిషి బరువు

"అది కాదు వదినా, నేనడిగేది ఒక్కటే. భోజనాల బల్ల మీద స్ప్రింగులెందుకు?"

"కింద పాత దుప్పటి పరిచాను కదా."

"దుప్పటి పరిస్తే? చెప్పుల కింద దుప్పటి పరిచి బల్ల మీద పెట్టుకుంటామా?"

"అవి చెప్పులు కావు. కిరసనాయిలుతో కడిగి తుడిచాను."

"ఆ కిరసనాయిలు కంపే నేను చెప్పేది!"

ఈ మాటలు పొద్దున టీ దగ్గర మొదలయ్యాయి. మధ్యలో మరదలు స్నానానికి వెళ్ళినప్పుడు కాస్త ఆగి, ఆమె తల తుడుచుకుంటూ బయటికి రాగానే వదిలిన చోటి నుంచే మళ్ళీ అందుకున్నాయి. బల్ల మీద నాలుగు స్ప్రింగులు నిలబడి ఉన్నాయి. వదిన కారు ముందు చక్రాలవి రెండు, వెనక చక్రాలవి రెండు. జతకి జత ఎత్తు సమానంగా ఉందో లేదో చూడడానికి ఆ ఇంట్లో వంకర లేని చదునైన చోటు ఆ బల్ల ఒక్కటే. ఆ సంగతి చెబితే బల్ల కొన్నది ఎవరనే దాకా వెళ్తుందని వదిన చెప్పలేదు. స్ప్రింగుల మీద అడ్డంగా స్కేలు పెట్టి, తల వంచి, ఒక కన్ను మూసి చూస్తోంది.

తమ్ముడు పేపరు మడిచాడు. "అక్కా, ఈ బల్ల మీద నువ్వు పళ్ళ సెట్లు పెట్టావు, సర్దుకున్నాం. మా మేనేజరు భోజనానికొచ్చినప్పుడు ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కనే పై దవడ ఉంది. అదీ నవ్వుకుని ఊరుకున్నాం."

"అది కింద దవడ."

"సరే, కింద దవడ. ఆయన ఆ రోజు నీళ్ళే తాగలేదు."

గదిలోంచి మేనకోడలి నవ్వు వినిపించింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో మేనత్త పని. అందుకని మాటలు వచ్చీరాని వయసులో ఆ పిల్ల 'పళ్ళత్త' అని పెట్టిన పేరు ఇప్పుడు కాలేజీ అయిపోవస్తున్నా అలాగే ఉండిపోయింది. ఆమె ఆ ఇంట్లో ఒకరికి అక్క, ఒకరికి వదిన, తల్లికి 'ఏమే'. వీధిలో వాళ్ళకి మాత్రం పళ్ళత్తే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఆ అడగడం మానేసి చాలా కాలమైంది.

"అయినా అక్కా," తమ్ముడు గొంతు తగ్గించాడు. మంచి మాట చెప్పబోయే ముందు అతను గొంతు తగ్గిస్తాడు. "నెల తిరిగేసరికి మనం కొత్త ఫ్లాటుకి మారిపోతాం. అక్కడ ఒక్క కారుకే చోటు. అది నా కారుకి. అమ్మేసే బండికి ఈ సింగారం ఎందుకు చెప్పు?"

"అమ్ముతానని ఎవరన్నారు?"

తమ్ముడూ మరదలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోపంతో కాదు. ఆ ప్రశ్న ఒకటి ఉందని వాళ్ళకి ఆ క్షణం దాకా తెలియదు.

"ఎవరో అనాలా?" అంది మరదలు చివరికి. "చోటు లేదంటే అర్థం అదేగా వదినా."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న తల్లి కలగజేసుకుంది. "పోనివ్వండ్రా. ఎలాగూ పోయే బండేగా. దాని సరదా అది తీర్చుకుంటుంది."

పళ్ళత్త స్ప్రింగులు ఒక్కొక్కటీ దుప్పట్లో చుట్టుకుని షెడ్డులోకి మోసింది. రెండు సార్లు తిరగాల్సి వచ్చింది. తలుపు ఎవరో ఒకరు పట్టుకుంటే ఒక్కసారితో అయ్యేది.

*

ఆ బండి ఒక పళ్ళ డాక్టరుది. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. ఆయన కుర్రతనంలో కొనుక్కుని, నడుం వంగేదాకా నడిపి, ఇక దిగితే లేవలేకపోతున్నానని చెప్పి, తన దగ్గరికి ఏళ్ళ తరబడి పళ్ళు పంపిన పళ్ళత్తకి సగం అమ్మి సగం ఇచ్చేశాడు. ఒకే చిక్కు. క్లినిక్కు గేటు దగ్గర గట్టు తగిలి పొట్ట గీసుకుంటోందని ఆయన ఎప్పుడో దానికి పొడుగు స్ప్రింగులు వేయించాడు. దాంతో అది ఎత్తు మడమల జోళ్ళు తొడుక్కున్న పహిల్వానులా తయారైంది. నిలబడి ఉంటే నవ్వొస్తుంది, మలుపు తిప్పితే భయమేస్తుంది.

ఆదివారాలు ఆమె ఊరి బయట ఏటి పక్క రోడ్డు మీదికి వెళ్తుంది. ఆ రోడ్డు ఏరెటు తిరిగితే అటు తిరుగుతుంది. స్టీరింగు తిప్పితే బండి వెంటనే తిరగదు. ముందు ఒక పక్కకి ఒరుగుతుంది, ఆలోచిస్తుంది, తర్వాత తిరుగుతుంది. ఆమెకి ఆ ఆలస్యం బాగా తెలుసు. ఇంట్లో తను ఏదైనా అంటే కూడా అంతే. 'ఫ్యాను రెక్క శబ్దం చేస్తోంది' అంటే, మరదలు ఫోనులోంచి తలెత్తి, 'ఏంటి వదినా?' అంటుంది. అప్పటికి చెప్పాలనే కోరిక పోతుంది.

ఎవరో ఒకరు, కనీసం ఒక యంత్రమైనా, అడిగిన వెంటనే బదులు పలికితే ఎలా ఉంటుందో చూడాలని ఆమె కోరిక. దానికి బండి కిందికి దిగాలి. బరువు నేలకి దగ్గరైతే ఒరగడం తగ్గుతుంది. కొత్త సామాను దిగుమతి చేసుకునే స్తోమతు లేదు. తుక్కు షాపులో, అదే కంపెనీ తర్వాత తయారుచేసిన పొట్టి రకం బండి ఒకటి ముక్కు పచ్చడై పడి ఉంటే, దాని స్ప్రింగులు, మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే లావాటి ఇనుప కడ్డీ ఊడదీయించి తెచ్చుకుంది. కొత్తగా కొన్నవి రబ్బరు బుష్షులు మాత్రమే. చక్రాన్ని బండికి కలిపే ఇనుప చేతులుంటాయి కదా, వాటి కీళ్ళలో కూర్చునే రబ్బరు అది. పాతవి పగిలి పొడి రాలుతున్నాయి.

మెకానిక్కుని అందరూ జాకీ మేస్త్రీ అంటారు. తన జాకీ ఎక్కడ పెట్టాడో తనకే తెలియక, రోజూ పక్క షాపు వాడి జాకీ అడిగి తెచ్చుకుంటాడు.

"ఇంత తిప్పలెందుకు మేడమ్," అన్నాడు తుక్కు స్ప్రింగులు చూసి. "ఉన్నవాటికే ఒక్కో చుట్టు కోసేస్తే పావుగంట పని. ఊళ్ళో కుర్రాళ్ళందరికీ అలాగే చేశాను."

"కోసిన కొస, స్ప్రింగుని పట్టే గిన్నెలో సరిగ్గా కూర్చోదు కదా మేస్త్రీ. చక్రం గుంటలోకి దిగి వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకి జరిగితే?"

"జరిగితే టంగుమంటుంది. అప్పుడు నా దగ్గరికే వస్తారు." నవ్వాడు. "మీ ఇష్టం. బండి మీది, నడుం నాది."

పని రెండు సాయంత్రాలు పట్టింది. బండిని లిఫ్టు మీద పైకెత్తితే చక్రాలు ఊడిన కాళ్ళలా వేలాడాయి. స్ప్రింగులు నొక్కిపట్టి ఎక్కించే పని మేస్త్రీది. బుష్షులు పెట్టే పని పళ్ళత్త అడిగి తీసుకుంది. ల్యాబులో ఆమెకొక పద్ధతి ఉంది. బల్ల మీద ఉండగానే పని మొత్తం పూర్తిచేస్తుంది, నోట్లో పెట్టాక సర్దుకుందాంలే అనుకోదు. ఇక్కడా అంతే. బండి గాల్లో ఉండగానే, చక్కగా వెలుతురు పడుతుండగానే, కీళ్ళ బోల్టులన్నీ పొడుగు పాన పెట్టి గట్టిగా బిగించింది. బిగించిన ప్రతిదాని మీదా తెల్ల రంగు చుక్క పెట్టింది. మేస్త్రీ మెచ్చుకున్నాడు కూడా.

"మీరు నా షాపులో చేరిపోండి మేడమ్. పళ్ళకంటే ఇవే నయం. వీటికి నొప్పి అనడం తెలీదు."

బండి కిందికి దింపారు. ఇద్దరూ దూరంగా నిలబడి చూశారు. దిగింది. కానీ ఎంత దిగాలో అంత దిగలేదు. టైరుకీ పై రేకుకీ మధ్య మునుపు అరచెయ్యి పట్టే సందు ఇప్పుడు కొంచెం ఇరుకైంది, అంతే. పొట్టి స్ప్రింగులు పొట్టిగానే ఉన్నాయి. బండి మాత్రం కూర్చోనంటోంది.

"నాలుగు రోజులు తిప్పండి, అదే దిగుతుంది," అన్నాడు మేస్త్రీ.

ఇంటికి వస్తుంటే రోడ్డు మీద రాయి తగిలినా వెన్నులోకి కొట్టింది. మునుపు ఒరిగేది, ఇప్పుడు ఎగురుతోంది.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చి చూశారు. అలా అందరూ కలిసి ఆ బండిని చూడడం అదే మొదలు. "కూర్చోలేదేంటి పళ్ళత్తా? అలిగిందా?" అంది మేనకోడలు. "ఈ మాత్రం దానికా వదినా నా బల్లంతా కిరసనాయిలు చేశారు?" అంది మరదలు. తమ్ముడు చుట్టూ తిరిగి, ఒక చక్రాన్ని కాలితో తట్టి, "బాగానే ఉందక్కా. చూడ్డానికొచ్చేవాళ్ళకి ఎత్తు ఎక్కువున్నా తక్కువున్నా తేడా తెలీదులే," అన్నాడు.

*

నాలుగు రోజులు తిప్పినా దిగలేదు. బండి కింద దూరి, తెల్ల చుక్కలన్నీ చూసుకుంది. ఒక్కటీ వదులు కాలేదు.

ఆ వారమే ల్యాబుకి ఒక పళ్ళ సెట్టు తిరిగి వచ్చింది. వేసుకున్న ముసలాయన ఎత్తుగా తగులుతోందని, నమలలేకపోతున్నానని అన్నాడట. పళ్ళత్త దాన్ని అచ్చు మీద పెట్టి చూసింది. పైవీ కిందవీ గింజ పట్టనంత చక్కగా కలిశాయి. ఆమెకి కారణం తోచక క్లినిక్కుకి ఫోను చేసింది. అక్కడి డాక్టరు నిమిషం ఆలోచించి, తనే నవ్వేశాడు.

"తప్పు నాదేనమ్మా. ఆయనకి నడుం నొప్పి, కూర్చోలేనన్నాడు. పడుకోబెట్టి, కొరికించి కొలత తీసుకున్నాను. పడుకుంటే దవడ వెనక్కి జారుతుంది కదా. మళ్ళీ తీసి పంపిస్తాలే."

"సరేనండీ," అని ఫోను పెట్టేసి, పళ్ళత్త అచ్చుని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పడుకున్నప్పుడు తీసిన కొలత కూర్చున్నప్పుడు పనికిరాదు. గాల్లో వేలాడుతున్నప్పుడు తను బోల్టులు బిగించింది. రబ్బరు బుష్షు ఏ భంగిమలో బిగిస్తే ఆ భంగిమనే పట్టుకుంటుంది. బండి నేల మీద దిగినప్పుడు చక్రాల చేతులు పైకి తిరగాలి, రబ్బరు తిరగనివ్వడం లేదు, మెలి పడి వెనక్కి తోస్తోంది. అది అలక కాదు. తను అలా కట్టిపడేసింది. బిగించాల్సింది నాలుగు కాళ్ళ మీదా నిలబడ్డాక. అదీ ఖాళీగా కాదు, నడిపే మనిషి బరువు సీట్లో ఉండగా. తేలిక బండి కాబట్టి ఒక్క మనిషి కూర్చుంటేనే అది కిందికి దిగుతుంది.

పద్ధతిగా చేసినందుకే పాడైంది. ఆమెకి నవ్వొచ్చింది. పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆ బల్ల మీద పనిచేసినతను వేరే ల్యాబుకి వెళ్ళిపోయి చాలా రోజులైంది, అతనుండే వెనక గది కూడా అప్పటి నుంచీ ఖాళీగానే ఉంది. నవ్వు ఎవరికీ చెప్పకుండానే ఆగిపోయింది.

శనివారం టిఫిన్ల దగ్గర అడిగింది. "రేపు పొద్దున ఒక గంట ఎవరైనా వచ్చి బండిలో కూర్చుంటారా?"

"ఎక్కడికి?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికీ కాదు. మేస్త్రీ దగ్గర బండి గుంత మీద నిలబెడతాం. నేను కింద నుంచి బోల్టులు బిగిస్తాను. నడిపే సీట్లో నాపాటి మనిషి ఊరికే కూర్చోవాలి."

"ఊరికే కూర్చోవడానికి అంత దూరం ఎందుకక్కా? నేను సోఫాలో కూర్చుంటాగా."

"మేస్త్రీని కూర్చోమనొచ్చుగా," అంది మరదలు.

"ఆయన కూర్చుంటే నాలాంటివాళ్ళు ఇద్దరు కూర్చున్నట్టు."

తల్లి తన మోకాళ్ళు చూపించి ఊరుకుంది. మేనకోడలు మాత్రం చెయ్యెత్తింది. "నేనొస్తా పళ్ళత్తా. ఫోను చూసుకుంటూ కూర్చుంటే చాలా?"

"చాలు. కదలకపోతే చాలు."

"కదలకుండా ఫోను చూడడంలో నన్ను మించినవాళ్ళు లేరు."

ఆ మాట మీద పళ్ళత్త ఆ రోజంతా హుషారుగా పని చేసింది. పిల్ల వీపుకి ఒత్తుకోకుండా సీటు మీద వేసే చిన్న మెత్త ఉతికి ఆరేసింది కూడా.

ఆదివారం పొద్దున తమ్ముడి కారు వాకిట్లో ఆగి ఉంది. అందరూ చెప్పులేసుకుంటున్నారు. ఫ్లాటులో రంగులు పూర్తయ్యాయట, తాళాలు ఇస్తారట, కర్టెన్లకి కొలతలు తీసుకోవాలట. రాత్రే అనుకున్నారట. పళ్ళత్త రాత్రి ఇంట్లోనే ఉంది.

మేనకోడలు పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. "సారీ అత్తా, సారీ సారీ. నేను వెళ్ళకపోతే అమ్మ మళ్ళీ ఆ మురికి గోధుమరంగే కొనేస్తుంది. వచ్చే ఆదివారం పక్కా."

"పర్లేదమ్మా, వెళ్ళిరా."

"నువ్వూ వస్తావా అక్కా?" అన్నాడు తమ్ముడు డ్రైవరు సీట్లోంచి. వెనక సీట్లో తల్లి, మనవరాలు, మధ్యలో కొలతల కర్ర, కర్టెను గుడ్డల నమూనాల సంచీ. కారులో చోటు లేదని అతనికీ కనపడుతోంది.

"నాకు పనుంది. మీరెళ్ళండి."

కారు వెళ్ళిపోయాక ఇల్లు సద్దు మణిగింది. ఆమె టీ కప్పులన్నీ కడిగి బోర్లించింది. ఆరేసిన చిన్న మెత్త తీసి, మడతపెట్టి, లోపల పెట్టేసింది.

*

మేస్త్రీకి ఆ రోజు భుజం పట్టేసింది. "గుంతలోకి దిగి చెయ్యెత్తమంటే నా వల్ల కాదు మేడమ్. సీట్లో కూర్చోమంటే కూర్చుంటాను గానీ, నేను కూర్చుంటే మీ బండి నేలకి ముద్దు పెడుతుంది."

"అందుకే బస్తాలు తెచ్చాను."

వచ్చేటప్పుడు దారిలో ల్యాబు దగ్గర ఆగింది. అచ్చులు పోసే ప్లాస్టరు పొడి బస్తాలు వెనక షెడ్డులో ఉంటాయి. ల్యాబు యజమానురాలు పై అంతస్తులోనే ఉంటుంది, తాళంచెవి కింద పడేసి, "తీసుకెళ్ళు, సాయంత్రం మళ్ళీ పెట్టేసెయ్," అంది ఎందుకని అడక్కుండా. షెడ్డు తలుపు రెండు రెక్కలు. ఒకటే తీస్తే బస్తా పడుతుంది, రెండూ తీస్తే లోపల చాలా చోటుంది. గోడ పక్కనే ఖాళీ గది. పళ్ళత్త ఒక క్షణం వెడల్పు కొలుస్తున్నట్టు రెండు చేతులూ చాపి నిలబడి, మళ్ళీ దించేసి, బస్తాలు మోసుకుంది.

మేస్త్రీ తుక్కు షాపు కాటా లాక్కొచ్చాడు. "ఆడవాళ్ళని అడక్కూడనివి రెండంటారు. వయసు నేనడగట్లేదు."

పళ్ళత్త చెప్పులు విడిచి ఎక్కింది. ముల్లు చూసి మేస్త్రీ, "ఇంతేనా!" అన్నాడు. "మా ఇంటి గ్యాసు సిలిండరుకీ మీకూ పెద్ద తేడా లేదు."

ఆమె బరువుకి సరిపడా బస్తాలు తూచి, నడిపే సీట్లో ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టారు. కిందది ఒళ్ళో, పైది ఛాతీ దగ్గర. జారకుండా బెల్టు పెట్టింది. దూరం నుంచి చూస్తే ఎవరో తెల్లబట్టల మనిషి తల దించుకుని కూర్చున్నట్టే ఉంది.

మేస్త్రీ ఇంకో బస్తా భుజం నొప్పి లేని చేత్తో లేపి పక్క సీటు తలుపు తెరిచాడు. "ఇటు కూడా వేసేద్దాం. చాలామంది ఇద్దరి బరువూ వేయిస్తారు, లేకపోతే రెండో మనిషి ఎక్కగానే బండి అటు వాలుతుంది. మీతో మామూలుగా ఎవరొస్తుంటారు?"

పళ్ళత్త జవాబు చెప్పబోయి ఆగింది.

తమ్ముడు ఒకసారి ఎక్కాడు, తల పైకప్పుకి తగులుతోందని మొదటి మలుపులోనే అన్నాడు. తల్లి ఒకసారి ఎక్కింది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మేనకోడలు ఫోటోల కోసం ఎక్కింది, బండి ఆగి ఉండగానే. మరదలు ఎక్కలేదు. మొన్న సీటు తుడుస్తుంటే పక్క సీటు గుడ్డ నీలం ఇంకా కొత్తగా ఉంది, తన సీటుది వెలిసి బూడిద రంగైంది.

"ఏ మేడమ్? మనుషులు గుర్తురావట్లేదా?"

"ఖాళీగానే ఉండనివ్వండి మేస్త్రీ."

"ఒక్కరికే బిగిస్తే ఒక్కరికే బాగుంటుంది, తర్వాత నన్ననకూడదు."

"అనను."

మేస్త్రీ బస్తా దించేసి, ఈలవేసుకుంటూ పాన అందించాడు. ఆమె గుంతలోకి దిగింది. ముఖానికి చెయ్యెడు ఎత్తులో బండి పొట్ట. తెల్ల చుక్క పెట్టిన ఒక్కో బోల్టూ వదులు చేస్తుంటే, లోపల మెలిపడిన రబ్బరు చిన్నగా మూలిగి తిరుగుతోంది. చివరిది వదులయ్యేసరికి బండి మొత్తం ఒక్క నిట్టూర్పుతో ఆమె మీదికి దిగి ఆగింది. బయటి నుంచి మేస్త్రీ, "కూర్చుంది! మేడమ్, కూర్చుంది!" అని అరిచాడు.

తిరిగి బిగిస్తుంటే జేబులో ఫోను మోగింది. చేతులు నల్లగా ఉన్నాయి, మోచేత్తో నొక్కింది.

"అత్తా! నీ గది చూస్తున్నాం. నువ్వూ నానమ్మా ఇందులో. కిటికీ నడవాలోకి ఉంది గానీ ఫ్యాను కొత్తది. అల్మారాలో పై అరలు నానమ్మకి అందవు కాబట్టి అవి నీకు. ఆ, నాన్న ఏదో అంటున్నాడు, ఉండు... వాళ్ళ ఆఫీసులో ఒకాయన బండి కొంటానన్నాడట. బుధవారం చూడ్డానికొస్తాడట. మంచి ధర ఇస్తాడట. నాన్నే మాట్లాడేశాడు. సరేనా?"

"కర్టెన్లు ఏ రంగు తీసుకున్నారు?"

"అమ్మ గెలిచింది. గోధుమరంగే."

"సరే అమ్మా," అని మోచేత్తోనే ఫోను ఆపింది. ఆపాక గుంతలో చాలాసేపు పాన కదల్లేదు. మేస్త్రీ వంగి, "ఏమైనా పడిందా మేడమ్?" అని అడిగాడు. ఏమీ పడలేదంది.

*

చక్రాల వాలు కూడా సరిచేయించుకుని, బస్తాలు వెనక సర్దుకుని, ఆమె ఏటి పక్క రోడ్డుకి వెళ్ళింది. మధ్యాహ్నం ఎండ. రోడ్డు మీద ఎవరూ లేరు.

మొదటి మలుపులో అలవాటు కొద్దీ ముందుగానే తిప్పింది. బండి కూడా వెంటనే తిరిగింది. ముందుగా తిరిగినందుకు రోడ్డు అంచు దగ్గరికి వచ్చింది, ఆమె గబుక్కున స్టీరింగు వెనక్కి తిప్పింది. రెండో మలుపుకి ఆగి, సరిగ్గా మలుపు దగ్గరే చెయ్యి కదిపింది. తిరిగింది. ఒరగలేదు, ఆలోచించలేదు. ఏమన్నావు అని తిరిగి అడగలేదు. ఆమె ఎంత అడిగితే అంత, ఎప్పుడడిగితే అప్పుడు. ఏరు ఎటు వంగితే రోడ్డు అటు, రోడ్డుతో పాటు బండి, బండితో పాటు ఆమె. అన్ని మలుపుల్లోనూ కడుపులో చిన్నప్పటి ఉయ్యాల ఊగింది.

"ఎంత బాగుందో చూశావా!" అంది పైకే.

అని పక్కకి చూసింది. నీలం సీటు. ఎవరూ కట్టుకోని బెల్టు కొక్కెం ప్లాస్టిక్కుకి టకటక కొట్టుకుంటోంది.

రోడ్డు చివర ఏరు విశాలమయ్యే చోట బండి ఆపింది. ఇంజను ఆపాక ఇనుము చల్లారుతున్న చిటపటలు వినిపించాయి. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడుపేమీ రాలేదు. ఎవరో చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పకపోతే తనే చెప్పుకుని, అది నిజమేనా అని మళ్ళీ మళ్ళీ చూసుకున్నట్టు, ఒకే సంగతి చూస్తూ కూర్చుంది. కొత్త ఫ్లాటులో నడవాలోకి తెరుచుకునే కిటికీ. పై అరలు. అక్కడా అందరూ మంచిగానే ఉంటారు. చెడ్డవాళ్ళు కాదు, ఎప్పుడూ కాలేదు. తమ్ముడు ఆమె మందుల షాపుకి తిరగకుండా మందులు తనే తెస్తాడు. మరదలు ఎంత అరిచినా ఆమె పళ్ళెం మూతపెట్టి ఉంచుతుంది. వాళ్ళ మధ్య తను ఒక్కతే ఉండడం వాళ్ళ తప్పు కాదు. కానీ అక్కడికి వెళ్ళినా ఒక్కతే, వెళ్ళకపోయినా ఒక్కతే అయితే, అడిగితే పలికేది ఒకటి ఏ వైపుందో అటు ఉండొచ్చు.

తిరిగి వస్తూ బస్తాలు పెట్టేయడానికి ల్యాబు దగ్గర ఆగింది. ఈసారి షెడ్డు తలుపు రెండు రెక్కలూ తీసి, బండిని మెల్లగా లోపలికి తోలింది. గడప గట్టుకి పొట్ట తగలలేదు. అంగుళం సందుతో దాటింది. దిగి మెట్లెక్కి, యజమానురాలి తలుపు కొట్టి, వెనక గది గురించి అడిగింది.

"నువ్వా?" అంది ఆవిడ. కాసేపు ముఖంలోకి చూసింది. "వానొస్తే ఒక మూల కారుతుంది."

"మంచం రెండో మూల వేసుకుంటాను."

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. ఫ్లాటు గురించే మాటలు. కుళాయిల పిడులు, పొరుగువాళ్ళు, పైకీ కిందికీ లిఫ్టు చేసే చప్పుడు. బల్ల మీద గోధుమరంగు గుడ్డ ముక్క ఒకటి పడి ఉంది. పళ్ళత్త నెమ్మదిగా తింటోంది. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

"బండి దిగిందిగా?" అన్నాడు తమ్ముడు. "వాకిట్లో చూశాను. భలే ఉందక్కా, నిజంగా. బుధవారం ఆయన చూస్తే ఇంకో మాట పైకే అంటాడు."

"ఆయన్ని రావద్దని చెప్పు."

"ఏం? రోజు కుదరదా?"

"బండి అమ్మట్లేదు."

మరదలు గరిటె ఆపింది. "మరి ఎక్కడ పెడతారు వదినా? చెప్పాం కదా, అక్కడ చోటు..."

"ల్యాబు వెనక గది తీసుకున్నాను. పక్కనే షెడ్డు ఉంది. మీరు మారే రోజే నేనూ అక్కడికి మారతాను."

ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. కూర ఇటివ్వండి అన్నట్టే అంది. తమ్ముడు ఏదో అనబోయి భార్య వైపు చూశాడు. ఆమె గుడ్డ ముక్క వైపు చూసింది. మేనకోడలు ఫోను బోర్లించింది.

"ఎవరేమన్నారక్కా నిన్ను?" అన్నాడు తమ్ముడు చివరికి. అతని ముఖంలో నిజంగానే తెలియనితనం ఉంది. "ఎవరైనా ఏదైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదురా."

"పళ్ళత్తా, వచ్చే ఆదివారం నేను కూర్చుంటానన్నాగా," అంది మేనకోడలు చిన్నగా.

"బిగించేశానమ్మా. అయిపోయింది. నువ్వు ఎప్పుడైనా రా, ఊరికే రా, తిరిగొద్దాం." తల్లి వైపు తిరిగింది. "నువ్వు కూడా అమ్మా. పక్క సీటు వెనక్కి జరిపాను. ఇప్పుడు మోకాళ్ళు తగలవు."

తల్లి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కూతురి ముఖంలోకి, చేతుల్లోకి, ఆ నల్లటి గోళ్ళలోకి చూసింది. చాలా రోజుల తర్వాత చూస్తున్నట్టు చూసింది.

"ఒక్కదానివేనా, ఏమే?"

"ఒక్కదాన్నే అమ్మా," అంది పళ్ళత్త, అందరికీ వినపడేలా.